సెఫినా అరికాళ్ళు

పొద్దున లేవగానే ఇలైసా చేసే మొదటి పని, వంటింటి గచ్చు మీద వాళ్ళమ్మ సెఫినా అడుగులు కడగడం. ఆవిడకి కోపమొస్తే అరికాళ్ళు సున్నం కక్కుతాయి. నడిచిన చోటల్లా తెల్లటి అచ్చులు పడతాయి. వైరేకా ఊళ్ళో, సమోవా దీవుల నుంచి వచ్చినవాళ్ళుండే రాటా రోడ్డు మొత్తానికీ ఈ సంగతి తెలుసు. చర్చి తివాచీ మీద మరకలు కనిపిస్తే పాస్టరుగారు, "ఇవాళ మన ప్రసంగం నచ్చలేదన్నమాట" అనుకుని ఊరుకుంటారు.

ఈ మధ్య మాత్రం గచ్చుకి తెలుపు వదలడం లేదు. ఇలైసా కూతురు పెపేకి చెవులు వినపడవు. బడేమో రోడ్డుకి అవతల. దాటడానికి జీబ్రా గీతల్లేవు, మలుపులోంచి లారీలు ఊడిపడతాయి. మొన్నొక లారీ అద్దం పిల్ల జడని రాసుకుంటూ పోయింది.

"బడి సెలవులయ్యేలోగా గీతలు పడకపోతే దీన్ని సిడ్నీలో అన్నయ్య దగ్గరికి పంపేస్తానమ్మా" అంది ఇలైసా.

"నా మనవరాల్ని నా దగ్గర్నుంచి లాక్కుపోతావా?"

"లారీ లాక్కుపోకముందే."

గచ్చు మళ్ళీ తెల్లబడింది.

ఊరి కౌన్సిల్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే జవాబు: ఆ రోడ్డు దాటేవాళ్ళు చాలినంతమంది లేరు. లెక్కపెట్టించారట. ఎప్పుడయ్యా అంటే, ఆదివారం పొద్దున. వాహనాలు తక్కువ కాబట్టి లెక్కపెట్టే మనిషికి ప్రమాదం ఉండదట! ఆదివారం పొద్దున రాటా రోడ్డులో కుక్కలు కూడా చర్చి గుమ్మంలోనే ఉంటాయి. ఆ పూట రోడ్డు దాటింది ఎవరిదో పిల్లి.

సెలవుల ఆఖర్లో అదే కౌన్సిల్ ఇరుగుపొరుగు పండగ పెట్టింది, బడి పక్క పార్కులో. బుడగలు, పాటలు, రొట్టెలో చుట్టిచ్చే సాసేజీలు. వీధి వీధంతా పిల్లల్ని చంకనేసుకుని, లారీలకి దడుచుకుంటూ అవతలికి పరిగెత్తింది. కౌన్సిలర్ డెరెక్ హాలీ ఏప్రన్ కట్టుకుని పట్టకారుతో సాసేజీలు తిప్పుతున్నాడు.

సెఫినా తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "నాయనా, ఇంతమందిమి దాటొచ్చాం. ఇవాళ లెక్కపెట్టించు."

"ఇవాళ పండగ కదమ్మా. ప్రత్యేక సందర్భాలు లెక్కలోకి రావు."

"ఆదివారం లెక్కలోకి వస్తుందా?"

"మీ ఆవేదన గమనించాం. ఉల్లిపాయలు వేయమంటారా?"

సెఫినా చెప్పులు విప్పేసింది. చూసినవాళ్ళు చూసినట్టే పక్కకి జరిగారు. ఆవిడ గడ్డి మీద తెల్లగా అడుగులేసుకుంటూ రోడ్డెక్కింది. ఈసారి పడ్డవి అడుగులు కావు. కాలు మోపిన ప్రతిచోటా చాపంత వెడల్పున గీత పరుచుకుంది. అటు చివరికెళ్ళి, అక్కడా కోపం తీరక, వెనక్కి తిరిగి రెండో పూత వేసింది. మలుపులోంచి వచ్చిన లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు టోపీ తీసి, దాటండన్నట్టు చెయ్యూపాడు.

"అనుమతి లేకుండా రోడ్డు మీద..." అంటూ హాలీ పట్టకారుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అరికాళ్ళకి అనుమతి ఏ కౌంటర్లో ఇస్తారు సార్?" అన్నాడు పక్కింటి తావిత.

మర్నాడు కౌన్సిల్ మనుషులొచ్చి గీకారు, యంత్రాలతో రుద్దారు. గీతలు చెక్కు చెదరలేదు. ఆ వారాంతం కౌన్సిల్ పత్రికలో హాలీ ఆ గీతల మీద నిలబడి నవ్వుతున్న ఫొటో వేశారు. కింద 'ప్రజల మాట విన్నాం' అని. అది చూసి సెఫినా వెళ్ళి మూడో పూత వేసొచ్చింది.

సిడ్నీ మాట ఇలైసా మళ్ళీ ఎత్తలేదు. బడి తెరిచారు, లారీలు ఆగుతున్నాయి. చిక్కల్లా ఒకటే. మనవరాలు సిడ్నీ వెళ్ళకుండా తన దగ్గరే ఉండిపోయేసరికి సెఫినాకి కోపం చల్లారింది, గీతలు వెలిసిపోసాగాయి. అది మొదట గమనించింది ఇలైసాయే.

ఇప్పుడు రోజూ బడివేళకి ఇలైసా కౌన్సిల్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, వాళ్ళమ్మ ముందుంచుతుంది.

"మీ కాల్ మాకెంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి" అంటుంది ఫోన్లో తీయటి గొంతు. తర్వాత సంగీతం. మళ్ళీ అదే గొంతు.

పెపేకి అదేమీ వినపడదు. వంగి అమ్మమ్మ అరికాళ్ళకేసి చూస్తుంటుంది. అవి తెల్లబడగానే లేచి, రోడ్డు దాటడానికి ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది.