ముందు గదిలో నెల్

"మనింట్లో ఇంకా చోటెక్కడుంది ఫిల్?" అన్నాడు మా ఆయన మలాకీ.

నేను మోకాళ్ల మీద వంగి వంటింటి పొయ్యిలోంచి బూడిద తోడుతున్నాను. బకెట్టు తగలకుండా అతను కాళ్లు కాస్త పైకెత్తి పెట్టుకుని, పేపర్లోంచి తలెత్తకుండానే ఆ మాటన్నాడు. నిజమే, ఆ ఇంట్లో చోటెక్కడుందో నాకూ తెలీదు. పొయ్యి పక్కనున్న మెత్తటి కుర్చీ అతనిది. దాని ముందున్న చాప అతని టెర్రియర్ కుక్క బస్టర్‌ది. కిటికీ దగ్గరి కుర్చీ మా అత్తగారు హ్యానీది, కిటికీ గట్టు ఆవిడ పిల్లిది. లావుగా, నారింజ రంగులో, ఎవరైనా వచ్చి చెయ్యి ముద్దుపెట్టుకుంటారేమో అన్నట్టు కూర్చుంటుందని దానికి బిషప్ అని పేరు పెట్టింది ఆవిడే. మా అమ్మాయి పెళ్లి చేసుకుని కార్క్ వెళ్లిపోయాక ఖాళీ అయిన మేడ గదిలోకి మలాకీ గాలాలూ రబ్బరు బూట్లూ చేరాయి. ఇక వీధివైపు ముందు గది సంగతి సరేసరి. ఫాదర్ వస్తే టీ ఇవ్వడానికి, ఇంట్లో ఎవరైనా పోతే శవపెట్టె దించడానికి తప్ప దాని తలుపు తియ్యరు. వారం వారం దుమ్ము దులిపేది మాత్రం నేను.

"రిటైరైన కుక్కటగా! పరిగెత్తడం మానేసినందుకు దానికి పింఛను కూడా ఇస్తారా?" అంది మా అత్తగారు. మలాకీ పేపరు వెనక పకపకా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ వసంతంలో నేనూ రిటైరయ్యాను. మా ఊరి వృద్ధాశ్రమంలో దుప్పట్లూ దిండు గలేబులూ ఉతికే పని నాది. చివరి రోజున కేకు కోశారు, పూలగుత్తి ఇచ్చారు. మర్నాడు పొద్దున ఎప్పట్లాగే బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే, "ఇంక నీకు రోజంతా తీరికే కదా, నా చొక్కాల గుండీలు కాస్త చూడు" అన్నాడు మలాకీ. పాల డెయిరీ లారీ నడిపే అతను అంతకు ముందే రిటైరై ఆ లారీ దిగాడు. దిగినవాడు దిగినట్టే ఆ కుర్చీలో కూర్చున్నాడు. మనిషి మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. ఆ సంగతి నేనెక్కడ మర్చిపోతానో అని అందరూ నాకు గుర్తు చేస్తూనే ఉంటారు.

ఆ కుక్కని నేను సంతలో చూశాను. పరుగు పందేలు మానేసిన గ్రేహౌండ్ కుక్కలకి ఇళ్లు వెతికిపెట్టే వాళ్లు శనివారం పూట గడియార స్తంభం దగ్గర నిలబడుతుంటారు. చేతిలో క్యాబేజీ సంచులతో పక్కనుంచి వెళ్లిపోతున్నాను. ఒళ్లంతా పులిచారలున్న ఒక ఆడకుక్క రెండడుగులు ముందుకేసి, ఏమీ అడగకుండా, తోక కూడా ఊపకుండా, వచ్చి నా తొడకి ఒరిగి నిలబడింది. ఆ బరువు నాకు తెలుసు. నా ఒంటికి తెలుసు. సంచులు కింద పెట్టేసి దాని చెవి వెనక వేళ్లు పెడితే, లోపల పందెం కుక్కలకి గుర్తుగా వేసే పచ్చబొట్టు కనిపించింది. నాకు మళ్లీ పదమూడేళ్లొచ్చాయి.

మా నాన్న కాన్ పెరట్లో రేకుల షెడ్డు వేసి గ్రేహౌండ్లను పెంచేవాడు. ఆయన పెంచేవాడని ఊరంతా అనుకునేది. పొద్దున్నే మంచు విడవకముందు చేతికి రెండేసి తాళ్లు చుట్టుకుని షూర్ నది పక్క దారిన వాటిని నడిపించింది నేను. ఎండిన రొట్టె నానబెట్టి, గొర్రె తలకాయ ఉడికించిన రసం పోసి కలిపింది నేను. నాన్న కలిపిచ్చే ఘాటు తైలంతో వాటి తొడలు రుద్దీ రుద్దీ నా చేతులు కంపు కొడితే, స్కూల్లో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ తైలం వాసన తగిలితే అక్కడే నిలబడిపోతాను. ఆ పొద్దుటి వెలుగూ, తడిసిన గడ్డీ, నాలుగు కుక్కల ఊపిరి ఆవిర్లూ ఒక్కసారిగా చుట్టుముడతాయి. అంత స్వేచ్ఛగా నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు. ఎక్కడికి, ఎంతసేపు అని అడిగేవాళ్లు లేని నడక అది. వాటన్నిటిలో మిన్నీ నాది. గ్రేహౌండ్లు మీద పడి మొహం నాకే రకం కాదు, ఒరిగే రకం. మిన్నీ ఒరిగితే నేను గోడకి చేరగిలబడాల్సి వచ్చేది.

పందెం రోజున మాత్రం తెల్లకోటు వేసుకుని మిన్నీని నడిపించేది మా అన్న ఫెర్గస్. "ఆడపిల్లకి అక్కడేం పని?" అనేవాళ్లు. నేను కంచె ఇవతల నాన్న కోటూ మిన్నీ దుప్పటీ పట్టుకుని నిలబడేదాన్ని. మిన్నీ గెలిచిన వారం పత్రికలో ఫొటో వచ్చింది. ఒకవైపు నాన్న, ఒకవైపు ఫెర్గస్. మధ్యలో మిన్నీ కెమెరా వైపు చూడకుండా పక్కకి చూస్తోంది. నేను నిలబడ్డ వైపు.

తర్వాత మిన్నీ ముందుకాలు మణికట్టు దగ్గర విరిగింది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి దాని గది కడిగేసి ఉంది. "కొండల అవతల ఒక ముసలి రైతుకిచ్చాను తల్లీ, అక్కడ హాయిగా ఉంటుంది" అన్నాడు నాన్న. అంతకు ముందు మా కుక్కలు చాలా ఆ రైతు దగ్గరికే వెళ్లాయి. ఆ రైతు నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేవాడు. చిరిగిన టోపీ, మంచి చేతులు, పొయ్యి ముందు కాళ్లు బారజాపుకుని పడుకున్న మా కుక్కలు. పెళ్లైన కొత్తలో ఇదే వంటింట్లో ఆ రైతు కబురు చెప్పాను. మలాకీ, వాళ్లమ్మ మొహమొహాలు చూసుకున్నారు. "పిచ్చిదానా! ఇన్నాళ్లూ నమ్మావా? పరిగెత్తలేని కుక్కని కాల్చేస్తారు గానీ ఎవరు మేపుతారు?" అన్నాడతను. ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నేను సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగాను.

"చోటు నేను చూస్తాలే" అన్నాను, బూడిద బకెట్టు పట్టుకుని లేస్తూ.

ఆ పులిచారల కుక్క నెల్‌ని ఓర్లా తీసుకొచ్చింది. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది, సెలవు రోజుల్లో ఈ కుక్కల పని చూస్తుంది. వచ్చీ రాగానే ఇంట్లోకి తేలేదు. బస్టర్‌ని బయటికి తెమ్మంది. రెండిటినీ దూరదూరంగా రోడ్డు మీద నడిపించాం. రానురాను దగ్గరికి జరిపాం. తిరిగొచ్చేసరికి బస్టర్ మొరగడం మానేసి, ఈ పొడుగు కాళ్ల మనిషెవరా అన్నట్టు పక్కపక్కనే నడుస్తోంది. అప్పుడు నెల్‌ని ఇంట్లోకి తెచ్చి, మూతికి చిక్కం తొడిగి, వంటింటి గుమ్మానికి పిల్లలకి అడ్డం పెట్టే చిన్న గేటు బిగించింది ఓర్లా. గేటు అవతల బిషప్ చీపురంత తోకేసుకుని బుస కొట్టింది. నెల్ మొహం తిప్పుకుంది.

"తొందరపడకండి" అంది ఓర్లా. "కొన్నాళ్లు పిల్లి ఉన్నచోట చిక్కం తియ్యొద్దు. తనెప్పుడూ ఇంట్లో ఉండలేదు. మెట్లు తెలీవు, అద్దం తలుపు తెలీదు, కుక్కరు చప్పుడుకి కూడా హడలిపోతుంది. అన్నీ ఒక్కరోజులో నేర్చుకోవాలని చూడకండి. తినేటప్పుడు ఎవరూ దగ్గరికెళ్లొద్దు. కళ్లు తెరుచుకునే నిద్రపోతుంది, నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. తనకంటూ ఒక చోటుండాలి. అక్కడున్నప్పుడు ఎవరూ కదిలించకూడదు. బెంగగా ఉంటుంది, ముభావంగా ఉంటుంది, దాన్ని తప్పు పట్టకండి. మీకు కొత్తది తనొక్కతే కదా. తనకి మీరందరూ కొత్తే."

నా చేతిలో టీ చల్లారిపోయింది. నేనీ ఇంటికొచ్చిన రోజున ఎవరూ ఎవరికీ ఇలా చెప్పలేదు. చర్చి నుంచి వచ్చిన సాయంత్రమే మా అత్తగారు నా చేతికి ఏప్రన్ ఇచ్చి, "రొట్టె పలచగా కొయ్యి, మలాకీకి మందంగా ఉంటే గొంతు దిగదు" అంది. కూర్చోబోతే, "అది మీ మామగారిది." పక్కదానికి వెళితే, "అది మలాకీది." సింకు దగ్గర నిలబడి తిన్నాను. తర్వాత కుర్చీలు ఖాళీ అయినా నాకు నిలబడి తినడమే అలవాటైపోయింది. మొదటి వారంలో మా ఇల్లు గుర్తొచ్చి మాట పెగలకపోతే, "ఏమిటా మొహం? ఎవరైనా పోయారా?" అని అడిగారు. బెంగ పెట్టుకోవడానికి కొన్నాళ్లు ఇవ్వాలన్న సంగతి, ఒక ప్రాణికి ఆపాటి మర్యాద చెయ్యొచ్చన్న సంగతి, నా ఇంట్లో నిలబడి ఒకావిడ కుక్క గురించి చెబుతుంటే విన్నాను.

"ఇంతకీ తనకి చోటెక్కడ?" అడిగింది ఓర్లా.

మలాకీ నా వైపు చూశాడు.

"ముందు గది" అన్నాను.

"ముందు గదా! మీ మామగారు పోయినప్పుడు పడుకోబెట్టిన గదే అది! అందులోకి ఈ ఎముకల గూడునా?" మా అత్తగారు కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"మామగారు ఏమీ అనుకోర్లెండి. ఆయనకీ పందెం కుక్కలంటే ఇష్టమేగా" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

నెల్ మెట్లు నేర్చుకోవడం ఆ ఇంట్లో పెద్ద వినోదమైంది. ఒక్కో మెట్టుకీ ఒక్కో పాదం నేను చేత్తో ఎత్తిపెడుతుంటే, "అంత వేగంగా పరిగెత్తేదానికి మెట్లెక్కడం రాదా!" అని మలాకీ కింద నిలబడి నవ్వేవాడు. సగంలో ఆగి వణికిపోతే నేనూ ఆ మెట్టు మీదే కూర్చునేదాన్ని. నాకు వేరే తొందరేముంది? బస్టర్ ముందుగా లొంగిపోయింది. చలిపుట్టిన ఒక మధ్యాహ్నం చూస్తే నెల్ పొట్టకి ఆనుకుని గురక పెడుతోంది. బిషప్ మాత్రం గేటు సందులోంచి చెయ్యిపెట్టి నెల్ ముక్కు మీద ఒక్కటిచ్చింది. నెల్ నా వెనక దాక్కుంది. మా అత్తగారు ఆ వేళ ఎంతో సంతోషంగా భోంచేసింది. ఆ తర్వాత పిల్లికి దాన్ని చూడడం విసుగుపుట్టి, తన గట్టెక్కి పడుకుంది. ఇంకొన్నాళ్లకి నేను చిక్కం కూడా తీసేశాను.

మధ్యాహ్నాలు నెల్ ముందు గదిలో పడుకుంటే నేను పక్కనే నేల మీద కూర్చునేదాన్ని, కొత్త చోటు కదా, తోడుంటే నయమని. ఏమీ చేసేదాన్ని కాదు. కిటికీలోంచి వాన చూసేదాన్ని. ఎన్నో ఏళ్లుగా తీరిక లేక తలుచుకోనివన్నీ వరసకట్టి వచ్చేవి. మా అమ్మ చేతి రొట్టె వాసన, నది మీద పొగమంచు, నేను ఈల వేస్తే మిన్నీ చెవులు నిక్కించడం. నాకు ఈల వెయ్యడం వచ్చన్న సంగతే మర్చిపోయాను. మెల్లగా వేసి చూశాను. నెల్ కన్ను కదిలింది.

"ఫిల్! నా కళ్లజోడెక్కడ?" అని మలాకీ కేక వినిపించేది.

"నెల్ పడుకుంది, అరవకు" అనేదాన్ని. ఆ మాటకి అంత బలముందని నాకు ముందు తెలీదు. ఇల్లు గప్‌చుప్ అయిపోయేది. కుక్క నిద్ర పేరు చెప్పి నేను కూర్చోగలిగేదాన్ని. నా పేరు చెప్పి ఎప్పుడూ కూర్చోలేదు.

ఒక మధ్యాహ్నం తలుపు మీద చిన్న చప్పుడైంది. చేతికర్రతో తట్టి, "రావచ్చా?" అంది మా అత్తగారు. ఈ ఇంట్లో నేనున్న గదిలోకి నన్నడిగి వచ్చిన మొదటి మనిషి ఆవిడే. వచ్చి పట్టు సోఫాలో కూర్చుని, అటూ ఇటూ కదిలింది. "ఇన్నేళ్లు ఎవర్నీ కూర్చోనివ్వకుండా దాచాను. రాయిలా ఉందమ్మా ఇది!" అంది. తలుపు వైపు చూస్తూ, "నేను కోడలిగా వచ్చినప్పుడు మలాకీ నాయనమ్మ ఈ గది తాళంచెవి నడుముకి కట్టుకుని తిరిగేది. నాకు జ్వరమొచ్చినా ఎక్కడ పడుకోవాలో తెలిసేది కాదు" అంది. నేను ఏదో అనబోయేలోపే ఆవిడకి కునుకు పట్టింది. నిద్రలో ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది.

మలాకీ మాత్రం తట్టలేదు. ఆ గురువారం చేతిలో చొక్కా పట్టుకుని, "గుండీ కుట్టమని ఎన్నిసార్లు చెప్పాలి?" అంటూ నేరుగా లోపలికొచ్చి, అడ్డంగా ఉందని నెల్‌ని భుజం పట్టుకుని జరపబోయాడు. నెల్ ఉలిక్కిపడి గుర్రుమంది. కరవలేదు. పళ్లు కూడా చూపించలేదు. కానీ మలాకీ మొహం పాలిపోయింది.

"కళ్లు తెరిచే ఉందిగా! చూస్తూ చూస్తూ నా మీదికొచ్చింది! శనివారం ఓర్లా వస్తుందిగా, వెనక్కి పంపెయ్. నా ఇంట్లో నేను భయపడుతూ తిరగాలా?"

నేను చొక్కా అందుకోలేదు. అది అతని చేతిలోంచి జారి నేల మీదే పడి ఉంది. మర్నాడు చూస్తే కుర్చీ మీద ఉంది, గుండీ లేకుండానే.

శనివారం ఓర్లా వచ్చి టీ తాగుతూ మలాకీ చెప్పిందంతా విన్నది. "నిద్రలో ముట్టుకున్నారా?" అనడిగింది.

"నా ఇంట్లో ఏ గదిలోకి వెళ్లాలన్నా కుక్కనడగాలా?" అన్నాడు మలాకీ.

ఓర్లా కప్పు కింద పెట్టి నా వైపు చూసింది. "ఏం చేద్దాం ఫిలోమినా? మీకు కుదరదంటే నేను తీసుకెళ్తాను. తప్పేం లేదు."

నెల్ లేచొచ్చి నా తొడకి ఒరిగింది. సంతలోలాగా కాదు, ఈసారి మొత్తం బరువంతా వేసింది. నాకు గోడ అవసరం రాలేదు.

"తనెక్కడికీ వెళ్లదు" అన్నాను.

"అయితే నా మాటకి విలువే లేదా?"

"ఉంది మలాకీ. నీకు భయంగా ఉందన్నావు కదా. ఆ ముందు గది తలుపుకి గడియ బిగించు. లోపలి వైపు."

అతను తెల్లబోయి చూశాడు. "లోపలి వైపా? కుక్క గడియెలా పెట్టుకుంటుందే?"

"కుక్కకి కాదు. నాకు."

ఓర్లా కిటికీలోంచి ఎటో చూసింది. మలాకీ వాళ్లమ్మ వైపు తిరిగాడు, ఎప్పట్లాగే, ఆవిడ తన తరఫున ఏదో ఒకటంటుందని.

మా అత్తగారు ఒళ్లో ఉన్న పిల్లిని నిమిరింది.

"మరీ పైకి బిగించకురా మలాకీ" అంది. "నా చెయ్యి అందాలి."