కార్డులో రాయని సంగతి

ప్రసన్న పుట్టినప్పటి నుంచి గట్టిగా ఏడ్చి ఎరగదు. కొల్లేటికోటలో మిగతా పిల్లలు ఏడిస్తే నాలుగిళ్ల అవతలకి వినిపించేది. దీని ఏడుపు గదిలో ఉన్నవాళ్లకే సరిగా వినపడేది కాదు. ఎంత నెమ్మదైన పిల్లో అని ఊరంతా ముచ్చటపడింది. అందరికంటే ముందు ముచ్చటపడింది నేనే. పాతికేళ్లుగా అక్కడ నర్సుగా చేస్తున్నదాన్ని, పసిపిల్ల గొంతు లేవకపోతే అది గుణం కాదు, రోగం అని నాకైనా తెలియొద్దూ?

రెండో ఏడు వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. మూడో ఏట ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు చప్పుడు. ఉబ్బసం అన్నాను. నేనే సిరప్ ఇచ్చాను, సీసా తర్వాత సీసా, ఏడాది పాటు. 2004 వేసవిలో పిల్ల పెదాలు నీలంగా మారితే అప్పుడు బుద్ధొచ్చి ఏలూరు తీసుకొచ్చాను. గొంతు డాక్టరు భాస్కరరావుగారు గొట్టం పెట్టి చూసి, స్వరపేటిక నిండా పులిపిర్లున్నాయన్నారు. చేతుల మీద లేచే పులిపిర్ల లాంటివే, ఒక వైరస్ వల్ల వస్తాయట. చాలావరకు కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుతుందనీ, కోసి తీసినా మళ్లీ మొలుస్తాయనీ చెప్పారు.

అన్నట్టే మొలిచాయి. ఐదు నెలల్లో మూడుసార్లు కోశారు. నాలుగోసారి వచ్చేసరికి పిల్ల పడుకోలేకపోతోంది. కూర్చుని మెడ ముందుకు చాచి, డొక్కలు ఎగరేస్తూ గాలి కోసం లాగుతోంది. ఇన్నాళ్లూ వద్దనుకున్నాను గాని ఇక తప్పదు, మెడకు చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చాలి, లేకపోతే సాయంత్రం దాకా కూడా చెప్పలేను అన్నారు డాక్టరుగారు. గొట్టం ఉన్నంతకాలం పిల్ల నీళ్లలో పడకూడదు. పడితే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ మాట చెప్పి, సంతకం పెట్టమని కాగితం తండ్రి కనకరాజు చేతికిచ్చారు.

కనకరాజు చేపల చెరువుల్లో పని చేస్తాడు. చెడ్డవాడు కాడు, పిల్లంటే ప్రాణం.

"గుమ్మం దిగితే నీళ్లేనండీ మాకు. మెడకు చిల్లుతో అది ఎన్నాళ్లు బతుకుద్దండీ?" అని కాగితం పక్కన పెట్టేశాడు. ఆ భయాన్ని ఎవరి మీద తోయాలో తెలియక భార్య వైపు తిరిగాడు. "ముందు ఆ జబ్బు దీనికెక్కడ్నుంచి వచ్చిందో తేల్చండి."

తనకు పులిపిర్లేమీ లేవని, ఎప్పుడూ లేవని చంద్రకళ ఏడుస్తూ చెప్పింది. పాపం, తెలిసి అబద్ధమాడటం లేదు. తనకు కనబడే చోటైతే కదా.

నాకు ఒళ్లు మండింది. "ఉన్నాయి. కాన్పునాడు నేను చూశాను. అప్పటికి పెళ్లయి ఏడాది తిరగని నీ పెళ్లానికి నీ దగ్గర్నుంచి కాక ఇంకెక్కడ్నుంచి వస్తాయి? పేచీలు తర్వాత పెట్టుకుందువుగాని, ముందు సంతకం పెట్టు" అన్నాను. ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు అంటిందో తేల్చలేమని డాక్టరుగారు అంతకుముందే చెప్పారు. కోపంలో అదేం నాకు గుర్తు రాలేదు.

అతను బల్ల మీద కూలబడ్డాడు గాని సంతకం పెట్టలేదు. లోపల పిల్ల ఊపిరి చప్పుడు ఒకసారి ఆగి, మళ్లీ మొదలైంది. తల్లి సంతకం చాలదా అని అడిగాను. చాలన్నారు. అంతసేపూ ఆ సంగతి ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఐదో తరగతి చదివిన చంద్రకళ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. పిల్లను లోపలికి తీసుకుపోయారు.

గంట తర్వాత డాక్టరుగారు బయటికొచ్చి, గొట్టం అమరింది, ఊపిరి ఆడుతోంది అన్నారు. ఆ పులిపిర్లు ఇంకా ఎన్నేళ్లు మొలుస్తాయో, ఎన్నిసార్లు కోయాలో మాత్రం తన చేతుల్లో లేదన్నారు. కనకరాజు మొహం తుండుగుడ్డలో దాచుకుని ఏడ్చాడు. చంద్రకళ ఏడవలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీరు చూశారు గదండీ నర్సమ్మగారూ. మరి నాకు చెప్పలేదేమండీ?"

కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, పక్కనే అత్తగారు, అలాంటి చోట పులిపిర్లున్నాయని ఎలా చెప్పడం అనుకున్నాను ఆనాడు. కాన్పు కార్డులో కూడా రాయలేదు. రాసినా వైరస్ ఆగేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ రాసి ఉంటే గొంతు బొంగురుపోయిన నాడే ఎవరో ఒకరు లోపలికి చూసేవారు. నేను ఏడాది పాటు ఆ సిరప్ పోసేదాన్ని కాదు. ఇంత చెప్పాలని నోరు తెరిస్తే ఒక్క ముక్కే వచ్చింది.

"నువ్వు సిగ్గుపడతావనమ్మా."

ఆమె కోప్పడలేదు. ఎప్పటిలాగే మెల్లగా అంది.

"సిగ్గుపడేదాన్నేనండీ. సిగ్గుతో ప్రాణాలు పోవు కదండీ."