నిలబడి మాట్లాడిన మూడు గంటలు

నేను ఒక నల్లని టెలిఫోనును. వేలు పెట్టి చక్రం తిప్పితే తప్ప నంబరు కలవని పాతకాలపు జాతి నాది. ఒకరి మాట మరొకరికి చేరవేయడమే వృత్తిగా పుట్టినదానికి సొంత మాట ఉండరాదన్న నియమం పాటిస్తూ యాభై ఏళ్ళకు పైగా మౌనంగానే ఉన్నాను. ఈ ఒక్కసారి ఆ నియమం తప్పుతున్నాను. కారణం మీకే తెలుస్తుంది.

బెంగుళూరులోని ఒక కర్మాగారంలో నన్ను తయారుచేశారు. బేకలైటు పొడిని వేడి అచ్చులో నొక్కి నా దేహాన్ని రూపొందించారు. మనుషులు మాట్లాడే వైపు చిన్న డిప్పలో బొగ్గు రవ్వలు నింపారు. గొంతు తాకగానే ఆ రవ్వలు కదులుతాయి. ఆ కదలికే తీగ వెంట మాటగా సాగిపోతుంది. అందువల్ల ఎదుట నిలిచినవాడు పైకి ఎంత గంభీరంగా ఉన్నా, గొంతులోని వణుకు ముందుగా తెలిసేది నాకే.

నా తొలి కొలువు తెనాలిలో ఒక లాడ్జి కౌంటరు మీద. యజమాని నా పక్కనే కూర్చుని, తాను ఊళ్ళో లేనని గుమాస్తాచేత చెప్పించేవాడు. అబద్ధం ఆడేవారు అవసరానికి మించి వివరాలు చెబుతారని అక్కడే నేర్చుకున్నాను. తరువాత, దూరపు ఊళ్ళ ఫోనులను మూడేసి నిమిషాల లెక్కన కలిపే చీరాల ట్రంకు ఎక్స్ఛేంజిలో సూపర్వైజరు బల్ల మీదికి చేరాను. నా ఎదుట పొడవైన బోర్డు, దాని ముందు చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకున్న పద్నాలుగు మంది స్త్రీలు. వారిలో రత్నావళి ఒకరు. ఆ బోర్డును తొలగించిన ఏడాది పాత సామాను వేలం వేస్తే ఆవిడ నన్ను పాడుకుని, తువ్వాలులో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ ఇంటి యజమాని ముక్తేశ్వరరావుగారు. ఆయన రత్నావళిగారి భర్త, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు, ఇంగ్లీషు బోధించడంలో జిల్లాలో పేరున్నవారు. పదవీ విరమణ చేసి పదకొండేళ్ళయినా ఆయన చొక్కా ఇస్త్రీ మడత చెడలేదు. నా గంట మోగితే నాలుగో మోతకు ముందే ఎత్తాలన్నది ఆయన పద్ధతి. ఎదుటివారి పేరు, హోదా, పని అడిగి తెలుసుకున్న తరువాతే మాట సాగించేవారు.

ఇటీవలి సంవత్సరాలలో నా గంటకు గౌరవం పోయింది. బంధువులంతా చేతి ఫోనులకు మారారు. నాకు మిగిలినవారు అప్పు ఇస్తామనేవారు, హైవే పక్కన ప్లాటు కొనమనేవారు, సాయంత్రానికల్లా మీ కరెంటు తీసేస్తామని బెదిరించేవారు. రత్నావళిగారు రెండు మాటలు విని రిసీవరు పెట్టేసేవారు. ముక్తేశ్వరరావుగారు మాత్రం అలా చేయడం మర్యాద కాదనేవారు. ప్లాట్లు అమ్మే అమ్మాయి ఒకతె డిగ్రీ రెండో ఏట చదువు ఆపిందని తెలిసి, ఎందుకు ఆపిందో కనుక్కుని, ప్రైవేటుగా పరీక్ష రాసే దారి అరగంట సేపు వివరించారు. ప్లాటు సంగతి ఇద్దరూ మరచిపోయారు. దొంగ ఫోనులను గుర్తుపట్టడం తనకు వెన్నతో పెట్టిన విద్య అని ఆయన నమ్మకం. వాళ్ళ వాక్యనిర్మాణం చూస్తే చాలునట.

ఒక మంగళవారం ఉదయం పదకొండున్నరకు నా గంట మోగింది. రత్నావళిగారు కళ్ళజోడు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళారు, ముక్తేశ్వరరావుగారే ఎత్తారు. అవతలి గొంతు తాను ముంబయి పోలీసు అధికారినని చెప్పుకుంది. ఆ ఇంగ్లీషులో దోషం లేదు. ఆయన పేరున విదేశానికి వెళుతున్న పార్సిలులో మాదకద్రవ్యాలు దొరికాయట, అరెస్టు వారెంటు సిద్ధంగా ఉందట. అంతటితో ఆగితే ఆయన నవ్వి ఊరుకునేవారేమో. కాని ఆ గొంతు ఆయన పుట్టిన తేదీ, పదవీ విరమణ చేసిన తేదీ, పనిచేసిన పాఠశాల, పెన్షను పడే బ్యాంకు శాఖ వరుసగా చదివి వినిపించింది. నా బొగ్గు రవ్వలు ఒక్కసారిగా కదిలాయి. ఆయన ఊపిరి మారింది.

లైను తెగకూడదని, విచారణ పూర్తయ్యేవరకు ఈ సంగతి భార్యతో సహా ఎవరికీ మాటగా గాని రాతగా గాని తెలియజేయకూడదని ఆజ్ఞ అయింది. తెలియజేస్తే మర్నాటి పేపరులో ఫోటో వస్తుందన్నాడు. పెద్దమనిషిగా మాట ఇవ్వమన్నాడు.

ఆయన ఇచ్చారు. నలభై ఏళ్ళు పిల్లలకు మాట నిలుపుకోవడం నేర్పిన మనిషి, అదే పాఠానికి కట్టుబడి నోరు మూసుకున్నారు. ఒక పోకిరి అయితే ఆ క్షణంలోనే తప్పించుకునేవాడు.

రెండున్నరకు రత్నావళిగారు తిరిగి వచ్చారు. భర్త నా పక్కన రిసీవరు చెవికి ఆనించి ఉన్నారు. ఎవరండీ అని అడిగితే తల అడ్డంగా ఊపారు. అన్నం వడ్డిస్తానంటే చేత్తోనే వద్దన్నారు. ఆవిడ కుర్చీ తెచ్చి వెనక వేశారు. ఆయన కూర్చోలేదు.

అప్పుడు ఆవిడ ఆయనను తల నుంచి కాళ్ళ వరకు చూశారు. ఆయన కాళ్ళు దగ్గరగా చేర్చి, ఎడమచేయి ప్రక్కకు ఆనించి, నిటారుగా నిలబడి ఉన్నారు. ఉద్యోగకాలంలో జిల్లా విద్యాశాఖాధికారి ఫోను చేస్తే ఆయన ఇలాగే నిలబడి మాట్లాడేవారు. అధికారికి కనిపించదు కదా అని ఆవిడ నవ్వితే, గౌరవం కంటికి కాదు అనేవారు. ఇప్పుడు పదకొండేళ్ళుగా ఆయనకు పై అధికారి అన్నవాడు లేడు. మరి ఎవరి ఎదుట నిలబడ్డట్టు?

నాలుగు కాకముందే బ్యాంకుకు వెళ్ళి, డిపాజిట్టు రద్దు చేసి, తనిఖీ కోసం తాము చెప్పే ఖాతాకు పంపాలని అవతలివాడు తొందరపెట్టాడు. ఆయన నా మాటడిప్పకు అరచేయి అడ్డుపెట్టి, బీరువాలోని డిపాజిట్టు కాగితం తెమ్మని భార్యకు చెప్పారు. గొంతు ఆయనది కాదు.

ఆవిడ బీరువా వైపు వెళ్ళలేదు. ఆయన చెవి పక్కన తన చెవి ఆనించారు. అధికారి మాటలు ఆవిడ వినలేదు. ఆ మాటల వెనుక ఉన్న గదిని విన్నారు. పద్నాలుగు గొంతులు ఒకేసారి మాట్లాడే గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన చెవి అది. అక్కడ చాలామంది ఉన్నారు. రకరకాల గొంతులతో, రెండు మూడు భాషలలో, అందరూ ఒకే వాక్యం చదువుతున్నారు.

ఆవిడ రిసీవరు పట్టుకున్నారు. ఆయన వదలలేదు.

"మాట ఇచ్చాను, రత్నా."

"మీరు ఇచ్చారు. నేను ఇవ్వలేదు."

ఆ తరువాత నేను చాలా ఏళ్ళుగా వినని గొంతు విన్నాను. అది ఇల్లాలి గొంతు కాదు. కోపం లేదు, భయం లేదు, తొందర లేదు.

"చీరాల ట్రంక్స్. మీ త్రీ మినిట్స్ అయిపోయింది. పార్టీ ఇక మాట్లాడరు. లైన్ తీసేస్తున్నాను."

రిసీవరు నా మీదికి చేరింది. మళ్ళీ మోగాను, మళ్ళీ మళ్ళీ మోగాను. మోగడం నా చేతిలో లేదు. ఆవిడ అరచేయి నా మీద పెట్టి, మోత ఆగేవరకు తీయలేదు. ఆ సాయంత్రమే తన చేతి ఫోనుతో సైబరు నేరాల విభాగానికి ఫిర్యాదు చేశారు.

ముక్తేశ్వరరావుగారు ఆవిడ తెచ్చిన కుర్చీలో కూర్చున్నారు. తన పెన్షను బ్యాంకు పేరు సైతం వాడు చెప్పాడని, ప్రభుత్వానికి తప్ప ఎవరికి తెలుస్తుందని అడిగారు. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టారు.

అది విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం అచ్చువేసిన చిరునామాల పుస్తకం. అధ్యక్షుడిగా ముక్తేశ్వరరావుగారే దానికి పూనుకున్నారు. రెండు వందల పన్నెండు మంది పేర్లు, పుట్టిన తేదీలు, పదవీ విరమణ తేదీలు, పనిచేసిన బడులు, ఫోను నంబర్లు, పెన్షను బ్యాంకు శాఖలు అందులో ఉన్నాయి. ఎవరైనా మరణిస్తే కుటుంబ పెన్షనుకు తోటివారు సాయపడేందుకు వీలుగా బ్యాంకు పేరు ఉండాలని పట్టుబట్టినవారు ఆయనే. పుస్తకం ప్రెస్సులోనూ, సంఘం ఆఫీసు బల్ల మీదా, అడిగిన ప్రతివారి సంచిలోనూ ఉంది. ఇంత నిర్దుష్టమైన జాబితా జిల్లాలో మరొకటి లేదని సభలో చెప్పుకున్నారు. నిజమే, దొంగలకు కూడా అంతకన్న మంచిది దొరకలేదు.

ఆయన పుస్తకం మూసి, ఈ సంగతి గుమ్మం దాటడానికి వీల్లేదన్నారు. ఆవిడ సరేనన్నారు. మూడు రోజులు ఆయన నా వైపు చూడలేదు. నేను మోగితే పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఆయన బాధ నాకు అర్థమయింది. డిపాజిట్టు దక్కింది, కాని ఊళ్ళో ఎవరు ఏ ఉత్తరం రాయాలన్నా, ఎవరికి ఏ సందేహం తీరాలన్నా వచ్చేది ఆయన దగ్గరికే. ఆ మనిషిని మోసగాడు బడిపిల్లవాడిలా నిలబెట్టాడని తెలిస్తే ఇక ఆయన మాట ఎవరు వింటారు? అయితే నోరు మూసుకుంటే, తాను అచ్చువేయించిన ఆ పేర్లను ఆ గదిలో ఒకరి తరువాత ఒకరు చదువుతూనే ఉంటారు.

నాలుగో రోజు కాఫీ ఇస్తూ రత్నావళిగారు ఒక్క మాటే అన్నారు.

"ఈపాటికి ఇంకెవరో నిలబడి ఉంటారండీ."

ఆయన కాఫీ తాగలేదు. పుస్తకం తెరచి నా ఎదుట కూర్చున్నారు. మొదట తిప్పిన నంబరు దేవసహాయంగారిది. ఆయన లెక్కల మాస్టారు. పాతికేళ్ళుగా ముక్తేశ్వరరావుగారి ఇంగ్లీషును వెక్కిరించే హక్కు సంపాదించుకున్న ఏకైక వ్యక్తి. సులువైనవారితో మొదలుపెట్టవచ్చు, ఆయన అలా చేయలేదు. ఒక్కొక్క అంకెకూ నా చక్రం పూర్తిగా వెనక్కి తిరిగేవరకు ఆగి తిప్పారు.

"ఏం హెడ్మాస్టరుగారూ, ఏ తప్పు దిద్దడానికి చేశారు?" అని అవతలి గొంతు హాస్యమాడింది.

ముక్తేశ్వరరావుగారు జరిగినదంతా చెప్పారు. ఒక్క వాక్యం కూడా తనకు అనుకూలంగా తిప్పుకోలేదు. పుస్తకం తన నిర్వాకమేనని, పొరపాటు తనదేనని ముగించారు. వెక్కిరింత కోసం ఎదురుచూస్తున్నారని ఆయన ఊపిరి నాకు చెప్పింది.

అవతల ఏమీ వినిపించలేదు. లైను తెగిందేమోనని ఆయన రెండుసార్లు హలో అన్నారు.

"మూడు గంటలేనా సార్?" అన్నారు దేవసహాయంగారు చివరికి. "నన్ను రెండు రోజులు ఫోనుకు కట్టేశారు. పోయిన నెలలో. మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు. ఎంత పోయిందని మాత్రం అడగకండి."

ఎన్నో చావు కబుర్లు మోశాను, పెళ్ళి కబుర్లు మోశాను. ఆ ఇద్దరి మధ్య నిలిచిన మౌనమంత బరువు నేనెన్నడూ మోయలేదు.

దేవసహాయంగారు, పుస్తకం తన దగ్గర కూడా ఉందని, చివరి సగం పేర్లు తాను చూసుకుంటానని చెప్పారు. ముందు మా ఆవిడకు చెప్పి మొదలుపెడతాను, అన్నారు.

అది జరిగి నెలయింది. ముక్తేశ్వరరావుగారు రోజుకు ఇద్దరు ముగ్గురితో మాట్లాడుతున్నారు. కొందరు ధన్యవాదాలు చెప్పారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మీరు కూడానా అన్నవారూ ఉన్నారు. ఆయన ఆ మాటలన్నీ పడ్డారు. కొన్ని ఇళ్ళలో మాత్రం ఆయన చెప్పడం పూర్తయ్యాక అవతల ఏ శబ్దమూ ఉండదు. అలాంటప్పుడు ఆయన మరి హలో అనరు. రిసీవరు చెవికి ఆనించుకుని, అవతలివారు నోరు తెరిచేవరకు ఊరకే వింటూ ఉంటారు.