యూరియా సంచీ, నల్ల పట్టా

"నా పరువు తియ్యనీకే కుట్టించినవా దీన్ని?" అన్నాడు బెన్నీ, చెల్లెలి చేతిలో ఉన్న సంచీని చూసి.

హెప్సిబా ఆ సంచీని ఒక్క వేలికి తగిలించి పైకెత్తి చూపించింది. రెండు యూరియా బస్తాలు కలిపి దర్జీ చందూలాల్ దగ్గర తన కొలతకే కుట్టించుకుంది. భుజాలకు నవారు పట్టీలు. అవి ఒరుసుకోకుండా లోపల పాత హవాయి చెప్పుల మెత్తటి అట్ట. వానకు తడవదు, కంపకు చిరగదు. ఖాళీగా పెడితే ఫ్యాను గాలికే ఎగిరిపోతుంది.

"యూరియా అనే అక్షరాలన్నా లోపలికి తిప్పి కుట్టియ్యకపోయినవా? చూసినోళ్లు కూలికి పోతున్నమనుకుంటరు."

"అనుకోనీ. మోసేది నేను, అనుకునేటోళ్లు కాదు."

హెప్సిబా ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. బస్సు కిటికీలోంచి టేకులపల్లి అవతలి గుట్టలు కనిపించినప్పుడల్లా ఆమెకు ఒకటే అనిపించేది: వీపు మీద మోయగలిగినదాంతోనే కొన్నాళ్లు బతకాలి, ఆ గుట్టలన్నీ దాటి గోదావరి దాకా నడవాలి. రెండువేల ఆరు దసరా సెలవులకు అది కుదిరింది. ఒంటరిగా పోతానంటే తల్లి రిబ్కా ఒప్పుకోలేదు. అన్నను తోడు తీసుకుపొమ్మంది.

బెన్నీ మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. తోడు రమ్మన్నందుకు హైదరాబాదు పోయి ఖరీదైన ఎర్రటి బ్యాగు కొని తెచ్చాడు. అది ఖాళీగా ఉన్నప్పుడే హెప్సిబా నింపుకున్న సంచీ అంత బరువుంది. దాంట్లో గాలి పరుపు, లావుపాటి కోటు, స్టీలు టిఫిన్ క్యారియరు, బిస్కెట్ల డబ్బాలు. తూకం వేద్దామని హెప్సిబా దాన్ని కిరాణా కొట్టుకు మోసుకుపోబోతే బెన్నీ లాక్కున్నాడు.

"ప్రతిదీ తక్కెడల పెట్టుడేనా? నీకు పిసినారితనం, దానికి ట్రెక్కింగని పేరు."

"రెండో దినం నీ బరువు నాకిచ్చినవంటే చూడు," అంది హెప్సిబా.

తన సంచీలో ఆమె సర్దుకున్నవి కొన్నే. మిర్చి ఆరబోసే నల్ల ప్లాస్టిక్ పట్టా ఒకటి: దాన్ని రెండు చెట్ల మధ్య తాడేసి కప్పితే గుడారం, నేలమీద పరిస్తే పక్క. నైలాన్ తాడు, పలచటి దుప్పటి, అల్యూమినియం గిన్నె, అటుకులు, బెల్లం, టార్చి. ఆ ఏడాది ఊళ్లన్నీ చికున్‌గున్యాతో, మలేరియాతో మూలుగుతున్నాయని కొన్ని మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు కూడా పెట్టుకుంది. ఇంట్లో ఉన్నవి కొన్ని, బజారులో చవకగా దొరికినవి కొన్ని. ఒక్కటి కూడా వృథా కాదని ఆమెకు గర్వంగా ఉండేది.

అన్నట్టుగానే రెండో రోజుకు బెన్నీ భుజాలు కమిలిపోయాయి. టిఫిన్ క్యారియరు ఒక ఊళ్లో ఇచ్చేశాడు. కోటును హెప్సిబా సంచీలో కుక్కాడు. ఆమె తిట్టుకుంటూనే మోసింది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. దారి పక్క గూడెంలో గంగక్క అనే ఆవిడ వాళ్లను చూసి తన మేకల కొట్టం చూపించింది. కొట్టం మీద ఆకు కప్పు కారుతోంది. హెప్సిబా నల్ల పట్టాను దానిమీద పరిచి నాలుగు మూలలా తాడు కట్టింది. బెన్నీ తన కోటు తిరిగి తీసుకొని కప్పుకున్నాడు. మేకలూ మనుషులూ తడవకుండా పడుకున్నారు. గంగక్క మొగుడు సీతయ్య జొన్న గట్క తెచ్చి పెట్టాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

తెల్లారి గంగక్క ఆ పట్టాను చూసి నిలబడిపోయింది.

"గీ నల్లది తెచ్చినవేంది బిడ్డా? ఇది జూస్తే పోలీసోళ్లు ఊకోరు. నిరుడు మిరపకాయలకని మేం తెస్తే గుంజుకపోయిండ్రు. అడివిల అన్నలు కప్పుకునేది ఇదేనంట. జల్దీ మడిచి అడుగున బెట్టుకో."

"వానకు కప్పుకునేదానికి కూడా కేసులా, గంగక్కా?" అని హెప్సిబా నవ్వింది. "తడిదాన్ని మడిస్తే రెండింతల బరువైతది. కొద్దిగ ఆరనీ."

పట్టాను దడి మీద ఆరేసింది. అది ఆరేలోపే వాళ్లు వచ్చారు.

అడవిలోంచి వరసగా వచ్చిన పోలీసులు, ముందు ఒక ఎస్సై. మొదట దడిమీది పట్టా చూశాడు. తరువాత కొట్టం ముందున్న ఎర్ర బ్యాగు, దాని పక్కన బూట్లు వేసుకుంటున్న బెన్నీ కనిపించారు. ఎస్సై గొంతు మెత్తబడింది.

"టూరిస్టులా? ఎక్కడి నుంచి సార్?"

బెన్నీ కంపెనీ గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. ఎస్సై దాన్ని అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చేశాడు. ఎర్ర బ్యాగు జిప్పు కూడా తీయించలేదు.

"మరి ఇదెవరిది?" అని యూరియా సంచీని బూటుతో తట్టాడు.

"నాది," అంది హెప్సిబా.

కానిస్టేబుల్ సంచీని బోర్లించాడు. తాడు, మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చి, అటుకుల మూట మట్టిలో పడ్డాయి. ఎస్సై వంగి ఒక్కొక్కటీ చూసి లేచాడు. మెత్తదనం పోయింది.

"నల్ల పట్టా, నైలాన్ తాడు, మలేరియా గోలీలు, టార్చి, అటుకులు. ఇది నక్సలైట్ల దళం కిట్టు." బెన్నీ వైపు తిరిగాడు. "ఈమె మీతో వచ్చిందా?"

బెన్నీ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎస్సైని చూశాడు, నేలమీద చిందరవందరగా పడ్డ మాత్రలను చూశాడు.

"అన్నా!" అని అరిచింది హెప్సిబా.

"మా... మా చెల్లెలు సార్."

"చెల్లెలా?" ఎస్సై ఆమెను కిందినుంచి పైకి చూశాడు. "ఏం పని జేస్తవ్?"

"టీచర్‌ని."

"టీచర్ యూరియా సంచీ మోస్తదా? మీ అన్న బ్యాగు జూడు, ఇది జూడు. ఒక్కింటోళ్లవేనా ఇవి? ఈ సంచీ గూడెపోళ్లది. లోపలికి మోసుకపోయేటందుకు సర్దిండ్రు. నువ్వు వాళ్లను దాస్తున్నవ్." కొట్టం పక్కన నిలబడ్డ సీతయ్యను చూపించాడు. "వాణ్ని పట్టుకోండి."

గంగక్క ఏడుస్తూ అడ్డం పడింది. ఒకడు పక్కకు తోసేశాడు. సీతయ్యను, సంచీని, మాత్రలను, పట్టాను తీసుకొని వాళ్లు క్యాంపు దారి పట్టారు.

హెప్సిబా ఒళ్లంతా మండిపోయింది. ఆ ఎర్ర బ్యాగులో ఏముందో ఎవడూ చూడలేదు. ఎక్కువ వెల పెట్టినవాడు మంచివాడు, తక్కువలో సర్దుకున్నవాడు దొంగ. పట్టా ఎందుకు కొన్నదో, తాడు ఎందుకు తెచ్చుకున్నదో అడిగే దిక్కే లేదు. చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా వాళ్ల వెంట పడింది.

"ఎక్కడికే?" బెన్నీ చెయ్యి పట్టుకున్నాడు. "మనల్ని వదిలేసిండ్రు గదా! పెద్దోళ్లెవరికన్న ఫోన్ జేద్దాం. రోడ్డు మీదికి పోతే సిగ్నల్ వస్తది."

"చెల్లెలనేటందుకు అంతసేపు పట్టిందా నీకు? చెయ్యి తియ్!"

విదిలించుకొని పరుగందుకుంది. బెన్నీ కొంతదూరం వెనక వచ్చి ఆగిపోయాడు.

క్యాంపు ఒక పాత బడి. చుట్టూ ముళ్లకంచె. గేటు దగ్గర పోలీసు ఆపితే ఆమె అక్కడే నిలబడి అరిచింది. లోపల దెబ్బ చప్పుడు వినిపించింది. ఇంకా గట్టిగా అరిచింది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. తల్లి పేరు, బడి పేరు, హెడ్మాస్టర్ పేరు, అన్నీ చెప్పి అరిచింది. చివరికి విసుగెత్తి ఎస్సై బయటికి వచ్చాడు.

"ఇంటికి పోతవా, నిన్ను గూడ లోపలెయ్యాల్నా?"

"ఆ సంచీ తెప్పియ్యి సార్. నా కొలతకు కుట్టింది. ఆయనకు తొడిగి చూడు."

ఎస్సై నవ్వాడు. "ఇదేమన్న టైలర్ షాపా?"

"తొడిగి చూడు! ఆయనదైతే ఆయన భుజాలకు రావాలె గదా. పట్టకపోతే నాకు తొడిగి చూడు. ఏమిటికి భయపడుతున్నవ్? నీ ముందే తేలిపోతది."

కానిస్టేబుళ్లు ముఖాలు చూసుకున్నారు. భయపడుతున్నావన్న మాటకు ఎస్సై ముఖం ఎర్రబడింది. సంచీ తెమ్మన్నాడు. సీతయ్యను తీసుకొచ్చారు. చెంప ఉబ్బి ఉంది, పెదవి చిట్లింది. నవారు పట్టీల్లోకి ఆయన మోచేతులే దూరలేదు. కానిస్టేబుల్ గట్టిగా లాగాడు, కుట్టు పటపటమంది. హెప్సిబా సంచీని లాక్కొని తగిలించుకుంది. పట్టీలు భుజాల మీద సరిగ్గా కూర్చున్నాయి.

"ఇప్పుడు చెప్పు సార్, ఎవరిదిది?"

ఎస్సై సీతయ్య వైపు చెయ్యి ఊపాడు. "తీసుకపో వాణ్ని," అన్నాడు. "మీరు సాయంత్రానికల్లా బస్సెక్కాలె. అడివిల మళ్లీ కనబడితే మాటలుండవ్. పట్టా, గోలీలు ఇక్కడ్నే ఉంటయ్."

"ఎందుకుండాలె? నావని తేలింది గదా!"

"పొమ్మన్న గదా!"

గేటు మూసేశారు. హెప్సిబా ముళ్లకంచెను కాలితో తన్నింది. చీలమండ చీరుకుపోయింది.

సీతయ్య అప్పటికే నడవడం మొదలుపెట్టాడు. ఆమె వెనకనుంచి పరుగెత్తుకెళ్లి కలిసింది.

"పెద్దనాయినా, మన్నించు. నాదని నేను చెప్పిన, వాళ్లు ఇన్లేదు."

"నీదేనని నేనూ చెప్పిన. అట్ల చెప్పినందుకే కొట్టిండ్రు." ఆయన ఆగలేదు. "మాకు బస్సు లేక నడుస్తం. సంత కోసం నడుస్తం, దవాఖానా కోసం నడుస్తం. నువ్వెందుకు నడుస్తున్నవ్?"

"చూద్దామని..."

"ఏం జూసినవ్?"

సీతయ్య వెనక్కి చూడకుండా నడిచాడు. గూడెంలో గంగక్క ఆయన ముఖం తడిగుడ్డతో తుడిచింది. హెప్సిబా వైపు తలెత్తకుండానే, "పో బిడ్డా, వాళ్లు మళ్ల రాకముందే పో," అంది. ఆ మాటలో ఆప్యాయత లేదు, తిట్టు కూడా లేదు. అదే ఎక్కువ బాధించింది.

తారురోడ్డు మీద బెన్నీ బస్సు ఆపాడు. ఎర్ర బ్యాగును మీదికెక్కించి పక్కన చోటు చేశాడు. హెప్సిబా వెనక సీటుకు పోయింది. ఖమ్మం చేరే ముందు ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"భయపడ్డ హెప్సీ. నోరు రాలే."

"నాకు గూడ భయమైంది," అంది ఆమె కిటికీలోంచి చూస్తూనే. "గంగక్క గూడ భయపడ్డది, అయినా అడ్డం పోయింది. నువ్వు అమ్మకు ఏం చెప్తవో చెప్పుకో, నాతోని మాట్లాడకు."

చాలా నెలలు మాట్లాడలేదు కూడా.

సెలవులయ్యాక పిల్లలు గ్రౌండులో చుట్టూ మూగారు. "మేడమ్, భద్రాచలం దాకా నడిచిన్రా? పులి కనబడ్డదా?" హెప్సిబా అందరినీ నేలమీద కూర్చోబెట్టింది. సీతయ్య చెంప గురించి, గంగక్కను తోసెయ్యడం గురించి, తాను తడి పట్టా ఆరేసినందుకు ఒక మనిషి దెబ్బలు తిన్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. చెప్తూ చెప్తూ గొంతు పెరిగింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

మధ్యాహ్నం హెడ్మాస్టర్ చెంచురామయ్య గదికి పిలిచాడు.

"పోలీసుల మాటలు పిల్లలకెందుకమ్మా? తల్లిదండ్రులొచ్చి అడిగితే నేనేం చెప్పాలె? కొండలు, చెట్లు, గట్ల చెప్తే సరిపోదా?"

"పిల్లలు నేను చూసింది అడిగిండ్రు సార్. చూసిందే చెప్పిన."

"ఇంకోసారి చెప్పకు."

"ఇంకో క్లాసుకు రేపు పీరియడ్ ఉంది," అంది హెప్సిబా. "వాళ్లు గూడ అడుగుతరు."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఆమె ఈల మెడలో వేసుకొని గ్రౌండుకు వెళ్లిపోయింది.