మీకెలా తెలుసమ్మా?

నానిన మినప్పప్పుకు పొట్టు ఒక పట్టాన వదలడం లేదు. పెరట్లో పంపు కింద గిన్నె పెట్టుకుని నీరజ పిసుకుతోంది, నీళ్ళు వంచుతోంది, మళ్ళీ పోస్తోంది. రేపు ఆదివారం, ఇంటికి మనుషులొస్తారు, ఇడ్లీకి రెండు గ్లాసులు ఎక్కువే పొయ్యమని అత్తగారు చెప్పింది. తడవకుండా గట్టు మీద పెట్టిన ఫోన్ మోగింది. గైడు రామబ్రహ్మంగారి మెసేజీ. సోమవారం పదకొండింటికి మూడో అధ్యాయంతో రమ్మన్నారు. రీసెర్చ్ ఫిలాసఫీ ఏదో ఈసారి తేల్చుకునే రమ్మన్నారు. ఇక గడువు లేదన్నారు.

తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆ మెసేజీని రెండుసార్లు చదివింది. గుమ్మంలో నిలబడ్డ భర్త కృష్ణచైతన్య, "ఏందంట?" అన్నాడు.

"ఫిలాసఫీ తేల్చుకోమంటన్నారు."

"దానికంత ఆలోచనేంది? అందరూ ఏది రాస్తే అదే రాయి. ఆ పప్పు కడిగినంత సేపు పట్టదు."

నవ్వి వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. వానపడితే బస్సు దాకా బండి మీద దింపుతాడు, యూనివర్సిటీ ఫీజు తనే కడతాడు. శావల్యాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ కూర్చున్నా "మా ఆవిడ చేత పీహెచ్‌డీ చేయిస్తన్నా" అని చెప్తాడు. ఆ 'చేయిస్తన్నా' వినపడ్డప్పుడల్లా నీరజకు కాలికి రాయి తగిలినట్టుంటుంది. పొద్దున్న నాలుగున్నరకు లేచి అందరికీ వండిపెట్టి, నరసరావుపేటలో కాలేజీకెళ్ళి నాలుగు క్లాసులు చెప్పి, తిరుగు బస్సులో నిలబడి పుస్తకం చదువుకునే మనిషి తనైతే, చేయించే మనిషి ఇంకొకరెలా అయ్యారో ఆమెకు అర్థం కాదు. పైగా ఈ మధ్య ఆయనకు తొందర ఎక్కువైంది. రాబోయే పంచాయతీ ఎన్నికల్లో ఊరు ఆడవాళ్ళకు రిజర్వు అవుతుందని గట్టిగా అనుకుంటున్నారు. పోస్టరు మీద డాక్టర్ నీరజ అని పడితే ఎదుటివాడికి సగం దెబ్బ అని ఆయన లెక్క.

ఆమె పరిశోధన కూడా దాని మీదే. పల్నాడులో సర్పంచులుగా చేసిన ఆడవాళ్ళు, వాళ్ళ అధికారం. నలభై అయిదు ప్రశ్నల కాగితం తయారుచేసుకుంది. నూట ఇరవై మందిని అడగాలి. సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మొట్టమొదట అత్తగారినే అడిగింది. సుబ్బరత్నం ఈ ఊరికి అయిదేళ్ళు సర్పంచి. అది నీరజ కోడలిగా రాకముందు మాట. హాల్లో అడుగుతుంటే మామగారు త్రికోటేశ్వరరావు పేపరు మడిచి పక్కన పెట్టి మరీ విన్నాడు.

"పంచాయతీ పనుల్లో నిర్ణయాలు ఎవరు తీసుకునేవారు అత్తయ్యా? మీరా, మామయ్యా, ఇద్దరూనా?"

"ఆమే," అన్నాడు మామగారు. "సర్పంచి ఆమైతే నేనెట్టా తీసుకుంటా? చెప్పవేమే?"

"నేనే," అంది సుబ్బరత్నం.

నలభై అయిదు ప్రశ్నలకూ దాదాపు అదే జవాబు. మార్కులు వేసి చూస్తే అత్తగారికి నలభై ఒకటి వచ్చాయి. ఆ కాగితం ప్రకారం, ఆమెను మించిన అధికారం చెలాయించిన ఆడది పల్నాడులో ఉండడం కష్టం. మామగారి కంచం ముందు ఆమె ఏనాడూ కూర్చుని తినలేదని ఆ కాగితానికి తెలియదు.

ఆ సంగతే పోయిన నెల గైడుకు చెప్పింది.

"ఆవిడ చెప్పింది నిజం కాదు సార్."

"మీకెలా తెలుసమ్మా?"

"నేను ఆ ఇంట్లోనే ఉంటాను సార్."

రామబ్రహ్మంగారు కోప్పడలేదు. "ఇంట్లో ఉండటం సాక్ష్యం కాదు. మీరు ఒక జవాబు మనసులో పెట్టుకుని వెళ్ళారు. ఆవిడ మాట దానికి సరిపోలేదు. అందుకని నిజం కాదంటున్నారు. పాజిటివిజం పెట్టుకోండి. నూట ఇరవై కాగితాలు, శాతాలు, నాలుగు నెలల్లో బయటపడతారు. ఇంటర్‌ప్రెటివిజం అని ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని వింటానంటే రెండేళ్ళు. ఉద్యోగం, సంసారం ఉన్న మనిషి మీరు," అన్నారు.

ఆయన తప్పు చెప్పలేదు. అందుకే నెల రోజులుగా ఆమెకు కాలు నిలవడం లేదు. ఒక పుస్తకం తెరిస్తే, నిజం అనేది బయట బండరాయిలా పడి ఉంటుంది, ఎవరు కొలిచినా ఒకటే కొలత వస్తుంది అంటుంది. ఇంకోటి తెరిస్తే, ఎవరి బతుకును వాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారో అదే నిజం, పోయి విను అంటుంది. ముందు ఊహించుకుని దాన్ని పరీక్షించడమా, ఏమీ ఊహించుకోకుండా విన్నదాంట్లోంచి తెలుసుకోవడమా? బస్సులో అదే, క్లాసులో అదే. మొన్న పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోతే మామగారు కంచం జరిపి, "ఈ ఇంటి ఆడోళ్ళకి చదువు ఎక్కితే ఉప్పు దిగిద్ది," అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఎందుకు నవ్విందో తర్వాత ఎంత ఆలోచించినా తేలలేదు. మీకెలా తెలుసమ్మా అన్న ప్రశ్న మాత్రం గైడు ఏ ఉద్దేశంతో అడిగినా ఇంట్లో ప్రతి వస్తువు దగ్గరా నిలబడి అడుగుతూనే ఉంది. అత్తగారు సంతోషంగా లేదని తనకెలా తెలుసు? ఆమాటకొస్తే తను సంతోషంగా ఉందో లేదో తనకెలా తెలుసు?

ఆదివారం పొద్దున్న ఇడ్లీలు పెట్టి, టీ గ్లాసులు ట్రేలో సర్దుకుని వసారాలోకి వచ్చింది. కృష్ణచైతన్య స్నేహితుడు ప్రదీప్, ఇంకో ముగ్గురు మనుషులు చాప మీద కూర్చుని ఏవో రాస్తున్నారు. బీరువా మీద తను పెట్టుకున్న ప్రశ్నల కాగితాలవి.

"ఎనభై అయిపోయినై వదినా," అన్నాడు ప్రదీప్ సంబరంగా. "మధ్యాన్నానికి మొత్తం కొట్టేస్తాం. నువ్వు ఊరూరా తిరిగే పని తప్పింది."

నీరజ ఒక కాగితం తీసుకుంది. ఈపూరు మండలంలో ఒక మాజీ సర్పంచి పేరు. నిర్ణయాలు ఎవరివి అన్న చోట 'నేనే' అని మగవాడి రాత.

"ఈమెను కలిశారా?"

"ఆమెనెందుకు కలవటం? వాళ్ళాయన నాకు బాగా తెలుసు గదా!"

చైతన్య భార్య మొహం చూసి, "నీ కోసమే," అన్నాడు. "ఎట్టాగూ వాళ్ళు చెప్పేది ఇదే. నువ్వే అన్నావు గదా, అందరూ నేనే అంటారని."

అన్న మాట నిజమే. ఖాళీ ట్రే తీసుకుని వంటింట్లోకి వచ్చి, స్టవ్ మీద పోపు మాడుతున్నా చూస్తూ నిలబడింది. సుబ్బరత్నం వచ్చి స్టవ్ ఆపింది.

"అట్టా నిలబడ్డావేంది?"

"ఆడవాళ్ళ బదులు వీళ్ళు రాస్తన్నారత్తయ్యా."

"నా అయిదేళ్ళూ అట్టాగే రాశారు." ఆమె బాండీ దించింది. తర్వాత కుడిచెయ్యి చాపింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా చర్మం ముడతలుపడి, మెరుస్తూ ఉంటుంది. "ఇదెట్టా కాలిందో నీకు తెలుసా?"

తెలుసు. పదమూడేళ్ళుగా తెలుసు. గంజి వంచటం చేతగాని సర్పంచి అని వచ్చినవాళ్ళందరి ముందూ మామగారు చెప్పి నవ్వించే కథ అది.

"అప్పుడూ ఇట్టాగే వసారా నిండా జనం. బడి పక్కన ఆడపిల్లలకి మరుగుదొడ్లు శాంక్షనైనై. ఆ జాగాలో కొట్లు కట్టుకుందామని మీ మామయ్యోళ్ళ ఎత్తు. జాగా మార్చినట్టు తీర్మానం రాసి నన్ను సంతకం పెట్టమన్నారు. మామూలుగా నా సంతకం ఆయనే గీకేవాడు. ఆ ఏడు సెక్రెటరీ కొత్తోడు, తన కళ్ళ ముందు నేనే పెట్టాలని కూర్చున్నాడు. పెట్టనంటే ఈ ఇంట్లో ఉండగలనా? పెడితే ఆ పిల్లలు చెట్టూ పుట్టా పట్టుకుని పోవాల్సిందే. లోపలికొచ్చా. అన్నం ఉడికింది. గంజి వంచా."

"చేతి మీదా?"

"మరింకేడ వంచాలి?" అంది సుబ్బరత్నం మామూలుగా. "నలభై రోజులు కట్టు. ఈలోపు మార్చి నెలతో గడువు దాటింది, ఇక జాగా మార్చటం కుదర్లా. దొడ్లు కట్టారు. ఇప్పటికీ ఉన్నై, పోయి చూసిరా."

"నేను అన్ని ప్రశ్నలడిగాను గదా, ఒక్క మాట చెప్పలేదేం అత్తయ్యా?"

"ఇది అడిగావా నువ్వు? మీరా, మామయ్యా అన్నావు. దానికేం చెప్పను? నిర్ణయం ఆయనదే. ఆపింది నేను."

వంటింటి గోడకు ఆనుకుని నీరజ కింద కూర్చుండిపోయింది. కాగితం ప్రకారం అత్తగారు అన్నీ తానైన మనిషి. తన లెక్క ప్రకారం ఏ అధికారమూ లేని మనిషి. రెండు లెక్కలూ తప్పే. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర పదమూడేళ్ళు ఆ చేత్తో వడ్డించింది తిని, మగవాళ్ళు చెప్పిన కథే నమ్మింది. గైడు అన్నది నిజం. తను జవాబు చేత్తో పట్టుకునే వెళ్ళింది. అయితే దానికి మందు నూట ఇరవై కాగితాలు కాదు.

"రాసుకోనా అత్తయ్యా? మామయ్యకు తెలిస్తే...?"

"రాసుకో. ఆయన బతికుండగానే రాయి. పోయాక రాస్తే ఎవరు చదివితే నాకేంది?"

నీరజ లేచి వసారాలోకి వెళ్ళింది. చాప మీది కాగితాలన్నీ ఏరి కట్టగా కట్టింది. "చాలు ప్రదీప్. వీటితో పని లేదు," అంది. మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకుని లేచారు. చైతన్య ఆమె వెనకే గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"పిచ్చా నీకు? మళ్ళీ మొదట్నించీ తిరుగుతావా? ఎలక్షన్లకు అందిద్దా?"

"అందదు."

"డాక్టర్ లేకపోతే పోయె. నామినేషన్ అయినా వేస్తావా లేదా?"

"వెయ్యను. మీరు కూర్చునే కుర్చీకి నా పేరెందుకు?"

"ఇంత చదివించింది ఇందుకా?"

"చదువుకున్నాను," అంది నీరజ.

ఆయన పది రోజులు మాట్లాడలేదు. నింపిన కాగితాల కట్టను సుబ్బరత్నం ఆ సాయంత్రమే వేడినీళ్ళ కాగు కింద మంటలో పెట్టింది.

సోమవారం పదకొండింటికి రామబ్రహ్మంగారు, "ఏం తేల్చుకున్నారు?" అన్నారు.

"కూర్చుని వింటాను సార్. పదిహేను మంది. ముందుగా ఏ ఊహా పెట్టుకోను. మా అత్తగారు నిజం చెప్పలేదన్నాను. పొరపాటు నాది. నేను అడగాల్సింది అడగలేదు." ఏం జరిగిందో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"పదిహేను మందిని విని, పల్నాడంతా ఇంతేనని రాయలేరు."

"రాయను సార్. ఆ పదిహేను మందికి ఏం జరిగిందో రాస్తాను. అది నేనెలా తెలుసుకున్నానో, ముందు ఎక్కడ పొరపడ్డానో కూడా మూడో అధ్యాయంలోనే రాస్తాను."

ఆయన సొరుగులోంచి గడువు పొడిగింపు ఫారం తీసి ఇచ్చారు. ఏడాదిన్నర దొరికింది. పోస్టర్ల మాటొస్తే, చైతన్య బృందం ప్రదీప్ భార్య భవ్యను నిలబెట్టాలని నిర్ణయించుకుంది. ఇంట్లో మాటలు మళ్ళీ మొదలయ్యాయి గాని, చైతన్య ఎక్కడా పీహెచ్‌డీ ఊసు ఎత్తడం లేదు. ఆ నిశ్శబ్దం ఒక్కోరోజు ఆమెను కోసేది. ఒక్కోరోజు హాయిగా ఉండేది.

మొదటగా దుర్గి అనే ఊరికి వెళ్ళింది. మాజీ సర్పంచి తిరుపతమ్మ వాకిట్లో చేటలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తోంది. ఆమె భర్త కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఏం కావాలన్నా నన్నడగండి మేడం. దానికేం తెలవదు."

"తొందరేం లేదండీ. ఆమె పనయ్యేదాకా కూర్చుంటాను," అని నీరజ చేటకు ఇవతల చతికిలబడి తనూ నాలుగు కాయలు తీసుకుంది. వీధి చివర ఎవరో రాయి చెక్కుతున్న ఉలి చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. గంట గడిచింది. పెద్దాయన ఆవలించి, కండువా దులుపుకుని టీ కొట్టు వైపు వెళ్ళాడు.

"లోపల కూర్చుందాం రా తల్లీ, ఎండ పడతంది," అని తిరుపతమ్మ చేట ఎత్తుకుంది. లోపల మంచం మీద కూర్చున్నాక నీరజ నోటుపుస్తకం తెరవలేదు.

"ఆ అయిదేళ్ళలో మీకు బాగా గుర్తున్న రోజేది పిన్నీ?"

తిరుపతమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. నీరజను ఎగాదిగా చూసింది. లేచి వెళ్ళి, వీధి అటూ ఇటూ చూసి, తలుపు వేసి గడియ పెట్టి వచ్చి కూర్చుంది.