గడియలో కత్తెర

మంటలు ఆరిపోయాక ఆ షెడ్డుకి కొత్త తలుపు పెట్టారు. ఇనప తలుపు. బయటివైపు గడియ, గడియకి అరచేయంత తాళం. పొద్దున సైరన్ మోగగానే ఆడవాళ్లు లోపలికి వెళ్తారు, వెనకే సూపర్‌వైజరు తాళం వేస్తాడు. అందరూ అతన్ని తాళాలాయన అంటారు. మంటలు లేచిన రోజు కూడా తాళం వేసింది ఆయనే. తాళంచెవి జేబులో వేసుకుని టీ తాగడానికి వెళ్లిందీ ఆయనే.

అది పాత బట్టల షెడ్డు. జనం విడిచేసిన చొక్కాలు, కోట్లు లారీల్లో వస్తాయి. ఆడవాళ్లు గుండీలు, జిప్పులు కోసేసి ఉన్ని ఒక గుట్ట, నూలు ఒక గుట్ట వేస్తారు. పక్క ఆవరణలో ప్రెస్సు మిషను వాటిని మూటలుగా నొక్కుతుంది. మంచి కోటు ఎవరు ఎత్తుకుపోతారోనని యజమానికి అనుమానం. అందుకే పనివాళ్ల ఆప్రాన్లకి జేబుల మూతులు కుట్టేసి ఉంటాయి, తలుపుకి తాళం పడి ఉంటుంది.

గుండీలక్క జుట్టు నెరిసింది ఆ షెడ్డులోనే. ఆమె కూతురు కూడా అక్కడే పనిచేసేది. మంటలు లేచిన రోజు తల్లి జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది, కూతురు పనికి వెళ్లింది. సాయంత్రం ఆ పిల్ల శవాన్ని తలుపు దగ్గరే తీశారు. పిడికిట్లో గుండీలు కోసే చిన్న కత్తెర ఉంది, మొన వంగిపోయి. తలుపు సందులో దూర్చి తిప్పినట్టుంది. విచారణ ముగిశాక పోలీసులు దాన్ని తిరిగిచ్చారు. అప్పటినుంచి కత్తెర ఆమె గుడ్డసంచిలోనే ఉంది.

తాళం మీద పనివాళ్లు వేసిన కేసు కింది కోర్టులన్నీ దాటి అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లింది. తీర్పుకి ముందురోజు ప్రెస్సు దగ్గర అందరూ గుమిగూడారు. వాళ్ల తరఫున వాదించిన లాయరమ్మ ఒక మూట మీద కూర్చుని చెప్పింది.

"వస్తువులు తయారయ్యే చోట, మనుషులు పనిలో ఉండగా తాళం వెయ్యకూడదని చట్టం. ఇక్కడేమీ తయారవట్లేదు కదా అంటోంది కంపెనీ. పాత బట్టలొస్తాయి, పాత బట్టలే పోతాయి. కాబట్టి ఇది గోడౌనంట."

"గోడౌనైతే మేమెవరం? మూటలమా?" అన్నాడు ప్రెస్సు మిషను నడిపే బాబాయ్.

"నీ పొట్ట చూసి అనుంటారు బాబాయ్," అంది ఓ అమ్మాయి. నవ్వులు లేచాయి. ఆయనా నవ్వాడు, కాలి ముడుచుకుపోయిన అరచేతులు ఒడిలో దాచుకుని. ఆ రోజు ఎర్రగా కాగిన తాళాన్ని పట్టుకుని లాగింది ఆ చేతులే.

"ప్రతి మనిషి ప్రాణానికీ రక్షణ ఉందని రాజ్యాంగంలో రాశారు," అంది లాయరమ్మ. "ఆ మాట వెలుగులో ఈ చట్టం చదవండని అడిగాం. అర్థం తేల్చేది పెద్దకోర్టు."

"గెలిస్తే తాళం తీస్తారా అమ్మా?" గుండీలక్క అడిగింది.

"గెలిస్తే ఆ క్షణం నుంచే వెయ్యకూడదక్కా."

"అయితే నువ్వు ఫోన్ చెయ్యి," అన్నాడు బాబాయ్. "మిగతాది నా గునపం చూసుకుంటుంది."

మర్నాడు కోర్టు గేటు దగ్గర గుండీలక్క ఫోనూ కత్తెరా గార్డు తీసుకుని పక్కన పెట్టాడు. లోపల ఎత్తు బల్ల వెనక అయిదుగురు న్యాయమూర్తులు. చివరి కుర్చీలో కూర్చున్నావిడ ముందుగా చదవడం మొదలుపెట్టింది.

"చట్టం పుట్టింది మనుషుల్ని కాపాడటానికి. గుమ్మం మీద ఏ పేరు రాశారన్నది కాదు, గుమ్మం వెనక ఊపిరి తీసుకునేవాళ్లు ఉన్నారా అన్నదే ప్రశ్న. ప్రాణానికి హక్కంటే బయటికి రాగలిగే హక్కు కూడా. ఆ తాళం రాజ్యాంగ విరుద్ధం."

గుండీలక్కకి ఆ తర్వాత ఏమీ వినబడలేదు. అందరి మోకాళ్లూ తోసుకుంటూ బయటికి నడిచింది. గేటు దగ్గర ఫోనూ కత్తెరా అందుకుంది.

"బాబాయ్. గెలిచాం. పగలగొట్టు."

మెట్ల మీద కూర్చుని కత్తెర సంచిలో వేసుకుంది. చాలాసేపటికి లాయరమ్మ బయటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఓడిపోయామక్కా."

"అదేంటి? ఆవిడ చెప్పింది కదా."

"ఆవిడ ఒక్కతే చెప్పింది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు చదవడం ఇక్కడ ఆనవాయితీ. తర్వాత మిగతా నలుగురూ చదివారు. మాకూ బాధగానే ఉంది, కానీ చట్టంలో లేని మాట మేము చేర్చలేం, అది చట్టసభ పని అన్నారు. నలుగురిదే తీర్పు." ఆమె గుండీలక్క పక్కన మెట్టు మీద కూర్చుంది. "ఈ సంగతి నీకు ముందే చెప్పాల్సింది."

గుండీలక్క మళ్లీ ఫోన్ చేసింది. అవతల గాలి హోరు, నవ్వులు.

"అక్కా, బయట ఎండలో కూర్చుని తింటున్నాం," ఎవరో అరిచి చెప్పారు. "తాళం చెత్తకుప్పలో ఉంది. తాళాలాయన మొహం చూడాలి నువ్వు."

"తినండమ్మా. వస్తున్నా," అని పెట్టేసింది.

బస్సులో లాయరమ్మ ఓదార్చబోయింది. "ఆవిడ రాసింది చెరిగిపోదక్కా. తీర్పుతో పాటే ఉంటుంది. రేపు ఇంకో ధర్మాసనం కూర్చున్నప్పుడు అదే అసలు అర్థం కావచ్చు."

"ఆ రేపటిదాకా తలుపెవరు పట్టుకుంటారమ్మా?"

షెడ్డు ముందు ఆడవాళ్లంతా ఆమెని చుట్టుకున్నారు. ఒకరు కావిలించుకున్నారు. గుండీలక్క వాళ్లని మెల్లిగా విడిపించుకుంది.

"సగం విని పరిగెత్తాను. మనం ఓడిపోయాం. ఇది గోడౌనేనంట."

"నీ మాట నమ్మి పగలగొట్టాం కదే," అంది ఒకామె. "ఇప్పుడు మమ్మల్ని పనిలోంచి పీకేస్తారు. నా ఇంట్లో తిండెవరు పెడతారు?"

"నిజమే. తిట్టు," అంది గుండీలక్క.

"తిడితే తలుపు మూసుకోదు," అన్నాడు బాబాయ్. "పెద్దకోర్టు గోడౌనంది కదా. గోడౌన్లో సరుకుంటుంది, మనుషులకేం పని? ఆ తీర్పు ప్రకారమే బయట కూర్చుందాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కానీ ముందు తిట్టినామే వెళ్లి గడపలో కూలబడింది. ఆమె పక్కన ఇంకొకామె. చూస్తుండగానే గుమ్మం నిండిపోయింది. గుండీలక్క సంచిలోంచి కత్తెర తీసి, గడియ రంధ్రంలోకి దూర్చింది. వంగిన మొన అవతల చిక్కుకుని నిలిచింది.

పోలీసులతో పాటు తాళాలాయన వచ్చాడు, చేతిలో కొత్త తాళంతో. గడియ దాకా వచ్చి కత్తెర చూసి ఆగిపోయాడు.

"తియ్యవయ్యా," అంది గుండీలక్క నెమ్మదిగా. "ఎవరిదో నీకు తెలుసు కదా."

అతని చెయ్యి లేవలేదు. తాళం నేల మీద పెట్టి, తల దించుకుని గోడ పక్కకి వెళ్లిపోయాడు. చివరికి ఒక కానిస్టేబులే కత్తెర లాగి లారీ చక్రాల కిందికి విసిరాడు. గుమ్మంలో ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే ఎత్తి వ్యానులో వేశారు.

స్టేషన్లో అందరినీ ఒకే గదిలోకి తోశారు. కానిస్టేబులు బయటినుంచి తాళం తిప్పాడు. ఆ టక్కుమన్న చప్పుడు గుండీలక్కకి కొత్త కాదు. కానీ ఇప్పుడది ఆమెకి కూతురి చెవులతో విన్నట్టు వినబడింది. కమ్మీలు పట్టుకుని, ఇన్నాళ్లూ రాని ఏడుపు ఏడ్చింది. తిట్టినామె ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

కిటికీ అవతలినుంచి లాయరమ్మ పిలిచింది. "అక్కా, సాయంత్రం షిఫ్టువాళ్లు వచ్చారు."

గుండీలక్క కళ్లు తుడుచుకుంది. "లోపలికి వెళ్లారా?"

"లేదక్కా. గడపలో కూర్చున్నారు. లారీ కింద వెతికి, కత్తెర మళ్లీ గడియలో పెట్టారు."