ఐదుగురికి నాలుగు ప్లేట్లు

"ఈ పూట నీకు వంట సెలవు" అంటారు మా ఆయన ఆదివారం వచ్చిందంటే, జీతం పెంచిన యజమానిలా. ఆ సెలవు కోసం నేను పొద్దున్నుంచీ పనిచేస్తాను. అత్తగారి మాత్రలు, ఆవిడకి ఏసీ పడదు కనుక శాలువా, గోరువెచ్చటి నీళ్ళ ఫ్లాస్కు, పిల్లాడు ఒంటిమీద ఒలకబోసుకుంటాడు కనుక ఇంకో చొక్కా. సంచీ జిప్పు పడక మోకాలితో అదిమిపెడుతుంటే ఆయన గుమ్మంలో కారు తాళాలు తిప్పుతూ, నన్ను బయటికి తీసుకెళ్ళడమంటే పెళ్ళివారిని కదిలించినట్టేనన్నారు. అత్తగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాలో ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవడం మానేసి చాలాకాలమైంది.

మాల్ పై అంతస్తులో ఆ రెస్టారెంటు ఎప్పుడూ కిటకిటలాడుతుంది. మావాళ్ళు అద్దాల పక్కన సోఫాలో కూర్చుంటారు, నేను టేబుల్ కోసం వరసలో నిలబడతాను. మాకు ఎప్పుడూ నలుగురు పట్టే టేబులే. ఐదో కుర్చీ తెప్పించి దారికి అడ్డంగా వేస్తారు. అందులో నేను. "నువ్వెలాగూ లేస్తూనే ఉంటావుగా" అని ఒకసారి అన్నారాయన. నిజమే, లేస్తూనే ఉంటాను. కూర్చున్న కాసేపూ ట్రేలు మోసుకెళ్ళేవాళ్ళ మోచేతులు నా భుజానికి తగులుతుంటాయి. వాళ్ళు సారీ చెబుతారు. ఆ రోజు మొత్తంలో నాకు ఎవరైనా సారీ చెప్పేది అక్కడే.

కుర్చీలు ఐదు, ప్లేట్లు మాత్రం నాలుగు. మా ఇంటి పద్ధతి అది. ఎవరూ నన్ను తినవద్దనలేదు. అలా అని ఉంటే పోట్లాడేదాన్నేమో. పిల్ల చిన్నప్పుడు సగం తిని వదిలేసేది, పారేయడమెందుకని నేను తినేదాన్ని. తర్వాత పిల్లాడు పుట్టాడు, ఆ తర్వాత అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. నాలుగు ప్లేట్లలో మిగిలింది నా ఒక్కదాని కడుపుకి సరిపోతుందని తేలాక ఇక నాకు విడిగా ఆర్డరు చెప్పడం ఆగిపోయింది. చల్లారి ముద్దైన నూడుల్స్, పిల్లాడు పైపైన గోకేసిన పిజ్జా ముక్కలు, ఉప్పెక్కువైందని అత్తగారు పక్కకి జరిపిన సూపు. అందరి తిండీ అయ్యాక నాది మొదలవుతుంది, వాళ్ళు చేతులు కడుక్కొచ్చేలోపు అయిపోవాలి. "మిగిలినవి పెట్టుకోడానికి మాకు ఫ్రిజ్ అక్కర్లేదు, మా ఆవిడుంది" అని తన ఆఫీసువాళ్ళ ముందు ఆయన వేసిన జోకు బాగా పేలింది. వాళ్ళలో ఒకాయన మరుసటివారం నన్ను చూసి, నవ్వాలా వద్దా అన్నట్టు చూశాడు.

ఆ ఆదివారం మా టేబుల్‌కి వచ్చింది కొత్తమ్మాయి. నలుగురి ఆర్డర్లూ రాసుకుని వెళ్ళకుండా, "మేడమ్, మీకు?" అంది.

"ఆవిడకి విడిగా ఏం వద్దమ్మా. మా దాంట్లో తింటుంది" అన్నారాయన.

ఆ అమ్మాయి ఆయన వైపు తిరగలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. నాకు తిండి యావ లేదనీ, అలాంటి కోడలు దొరకడం అదృష్టమనీ అత్తగారు ఆమెకి చెప్పారు. చూసి చెప్పమని మెనూ కార్డు నా ముందు పెట్టి వెళ్ళిపోయిందామె.

చూశాను. ఇది ఆయనది. ఇది అత్తగారికి అరగదు. ఇది కారమని పిల్లాడు ఏడుస్తాడు. ఇందులో పుట్టగొడుగులుంటాయి, పిల్ల ఏరి పారేస్తుంది. ప్రతి పేరు పక్కనా ఎవరిదో ఒకరి కడుపు కూర్చుని ఉంది. వాటి మధ్య నాదేదా అని వెతికాను, దొరకలేదు. బాధ వేయలేదు. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. మత్తు ఇంజెక్షన్ చేయించుకుని బయటికొచ్చేవాళ్ళకి, మొద్దుబారడం తగ్గేదాకా ఏమీ తినొద్దు, బుగ్గ కొరుక్కున్నా తెలియదు అని చెప్పేది నేనే. నాకూ అలాగే ఉంది. ఇంజెక్షన్ ఎప్పుడు చేశారో మాత్రం గుర్తులేదు.

తిండి వచ్చింది. పిల్లాడు తన ప్లేటు వదిలేసి అక్క ప్లేటు కావాలన్నాడు. తెప్పించుకున్నది తినమని వాడికి చెప్పబోతుండగానే, పదకొండేళ్ళ నా కూతురు తన ప్లేటు మెల్లగా వాడి ముందుకి జరిపేసింది. అటుగా వచ్చిన ఆ అమ్మాయి చూసి, నీకు ఇంకొకటి తేనా అని దాన్ని అడిగింది.

"నాకు విడిగా ఏం వద్దు. తమ్ముడు వదిలేసింది తింటాను."

గొంతు దానిది. మిగతాదంతా నాది. చివర్లో ఆ చిన్న నవ్వుతో సహా.

"నా బంగారు తల్లి. అచ్చం అమ్మ పోలికే" అన్నారు అత్తగారు. ఆయన పిల్ల తల నిమిరి, "అంతా నీ ట్రైనింగే" అన్నారు నాతో. నిజంగానే మెచ్చుకున్నారు.

ఇన్నాళ్ళూ ఎవరి బుగ్గ కొరుకుతున్నానో అప్పుడు తెలిసింది.

"ఈ పిల్లకి ఇందాక చెప్పిందే ఇంకొకటి తీసుకురామ్మా. నాకూ ఒక ప్లేటు" అన్నాను.

ఏం తెమ్మంటారని అడిగిందామె. ఇంకా తెలియదన్నాను.

ఆయన వాచీ చూసుకున్నారు. తినడమవగానే పిల్లాణ్ణి కింద ఆటల దగ్గరికి తీసుకెళ్తానని అప్పటికే మాటిచ్చి ఉన్నారు. "ఏదో ఒకటి చెప్పెయ్యవోయ్. నాదే ఇంకొకటి చెప్పు, నీకు ఇష్టమేగా."

"అది మీకిష్టం."

గొంతు పెంచలేదు నేను. అయినా ఆయన ఫోర్కు పళ్ళెం మీద ఆగింది. ఇదేం చోద్యమని అత్తగారు గొణిగారు. తినడమయ్యాక పిల్లాణ్ణి, అత్తయ్యగారిని తీసుకుని కిందికి వెళ్ళమన్నాను. ఎంతసేపు పడుతుందన్నారు. తెలియదన్నాను. నాకేమైందో తేల్చుకోలేనట్టు కాసేపు నా ముఖంలోకి చూసి, పిల్లాడు చెయ్యి లాగుతుంటే లేచారు. వెళ్ళేముందు అలవాటు కొద్దీ, సగం మిగిల్చిన తన ప్లేటు నా ముందుకి తోశారు. నేను దాన్ని తీసి, ఎత్తేయడానికి వచ్చినతని చేతికిచ్చాను.

పిల్ల వెళ్ళలేదు. వేడివేడిగా తన ప్లేటు వచ్చినా ముట్టుకోలేదు. నేను గోడవైపు ఖాళీ అయిన కుర్చీలోకి మారి కార్డు మొదటి పేజీ తెరిచాను. అది కుర్చీ జరుపుకుని నా మోచేతి మీదుగా తొంగిచూసింది.

"అమ్మా, నీకేం ఇష్టం?"

ఏదైనా పర్లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"నాకు తెలీదమ్మా" అన్నాను. నా గురించి దానికి చెప్పిన మొదటి నిజం అదే.